మూడు చేలు, మూడు మడవలు

కాయస్థ నాయకులు వల్లూరు పట్నంలో ఉండి ఈ సీమను ఏలుతున్న రోజులు. పుష్పగిరికి ఇవతల, పెన్నకు అల్లంత దూరంలో, ఒక చెరువు కింద ముగ్గురు అక్కచెల్లెళ్ళకు మూడు చేలు ఉండేవి. కొడుకులు లేని తండ్రి కూతుళ్ళకే నాగలి పట్టడం, మడవ తిప్పడం నేర్పి, ఉన్న నేలను మూడు సమపాళ్ళు చేసి కన్నుమూశాడు. మూడూ పసుపుకు పేరుపడ్డ నేలలే. గట్ల మీద టెంకాయ చెట్లు, బావి పక్కన నిమ్మ, చేని తలాపున ఇల్లు, ఇంటి వెనక గొడ్ల చావిడి. చెరువు నీళ్ళు కాలవలో వచ్చి, ఒక్కో మడవ దగ్గర మలుపు తిరిగి చేలోకి పోయేవి. ఆ నీళ్ళ మీదే పసుపు, ఆ నీళ్ళ మీదే చెట్లు, ఆ ఊట మీదే బావి బతికేవి.

ఒక ఏడు మూడు చేలల్లోనూ తుంగ కనపడింది.

తుంగ పైకి గడ్డిపోచే. కాడను వేళ్ళ మధ్య తిప్పితే మూడు పలకలు తగులుతాయి. లాగితే కాడ చేతికొస్తుంది, గడ్డ మాత్రం లోపలే ఉండిపోతుంది. చిటికెనవేలి గోరంత గడ్డ, నల్లటి తొక్క, కొరికితే ఘాటైన వాసన. ఆ గడ్డ నుంచి దారం లాంటి వేరొకటి పోయి ఇంకో గడ్డను పెడుతుంది, దాని నుంచి ఇంకొకటి. పైన పది పోచలు కనపడితే కింద ఎన్ని గడ్డలున్నాయో భూదేవికే ఎరుక.

అక్కచెల్లెళ్ళు ముగ్గురూ చెరువు నీరుగట్టి దగ్గరికి పోయారు. ఊరిచ్చిన మాన్యం తింటూ, ఏ చేనికి ఎన్ని నీళ్ళు పోవాలో నలభై ఏళ్ళుగా చూస్తున్న ముసలాయన. ఆయన మూడు చేలూ నడిచి తిరిగాడు. చోటు చోటునా కూర్చుని గునపంతో తవ్వి, గడ్డ ఎంత లోతున ఉందో, దారం ఎటు పోయిందో చూశాడు. చిన్నామె చేలో తుంగ ఒక మూల, మంచం పట్టేంత చోట మాత్రమే ఉంది. నడిపామె చేలో నాలుగో వంతు పాకింది. పెద్దామె చేలో సగానికి పైగా అల్లుకుని, గట్టు దాటి కాలవ ఒడ్డుకు కూడా ఎక్కింది.

“మొదట తవ్వాల. చేతికందిన గడ్డనల్లా ఏరి, కుప్పేసి కాల్చాల. ఆమీట ఎండాకాలమంతా దున్ని దున్ని నేలను ఎండబెట్టాల” అన్నాడు.

ముగ్గురూ అట్లే చేశారు. అరచేతులు బొబ్బలెక్కాయి. నాటిన పసుపు పోయింది. వైశాఖం దాటేసరికి మూడు చేలల్లోనూ పచ్చటి ఆకన్నది లేకుండా పోయింది. అప్పుడు మళ్ళీ ఆయన దగ్గరికి పోయి, “ఇంక అయిపోయినట్టే కదా తాతా?” అన్నారు.

“కండ్లకు కనపడేది అయిపోయింది పాపా. కనపడనిది ఎంతుందో నాకూ తెలీదు, మీకూ తెలీదు. ఒక్క గడ్డ కూడా మిగలకపోయి ఉండొచ్చు. పది మిగిలి ఉండొచ్చు. మిగిలిన గడ్డకు ప్రాణం నీళ్ళే. అందుకని మడవలు కట్టుకోండి. ఐదేండ్లు ఈ చేలకు చెరువు నీళ్ళు పోనీయొద్దు. వానకు పండే కొర్రా జొన్నా వేసుకోండి. నీళ్ళందక గడ్డ లోపల్లోపలే ఎండిపోవాల.”

ముగ్గురూ తట్టలతో మట్టి తెచ్చి మడవలు కట్టేశారు.

మొదటి ఏడు గడిచేలోగానే బాధ తెలిసొచ్చింది. టెంకాయ చెట్లు మట్టలు వాల్చాయి. నిమ్మ పూత రాలిపోయింది. బావి అడుగంటింది. నేల నెరియలు విచ్చింది. రాత్రిపూట ఆ నేలలోంచి సెగలు లేచి, ఇంట్లో పడుకున్నవాళ్ళు నిద్దట్లోంచి లేచి కూర్చునేవాళ్ళు.

పెద్దామె ఓర్చుకోలేకపోయింది. చేని దారిన పోయేవాళ్ళు తలా ఒక మాట అనేవాళ్ళు. “తుంగంతా తీసేస్తివి కదమ్మా, ఇంకేంటికి ఈ కట్ట?” అని ఒకరు. “పచ్చని చెట్లను చేతులారా ఎండబెట్టుకుంటాండావే” అని ఇంకొకరు. రెండో ఏడు, చెరువు నిండి అలుగు పారుతున్న ఒక రాత్రి, ఆమె పార తీసుకుని పోయి మడవ తెరిచింది. తెల్లారకముందే మళ్ళీ పైపైన మట్టి కప్పింది. అప్పట్నుంచి పగలు చూసేవాళ్ళకు కట్ట ఉన్నట్టే ఉండేది, రాత్రి మాత్రం నీళ్ళు పారేవి. నీరుగట్టి కనపడి “మడవ ఎట్లుంది పాపా?” అంటే, “ఉంది తాతా, గట్టిగానే ఉంది” అనేది. చెట్లు తేరుకున్నాయి. ఇల్లు చల్లబడింది. చాలా కాలం తర్వాత ఆమె కంటినిండా నిద్రపోయింది.

నడిపామె మడవ తియ్యలేదు. నోరు కూడా తెరవలేదు. ఎవరు అడిగినా “బాగానే ఉంది” అనేది. ఊరంతా ఆమెనే మెచ్చుకుంది. “ఓర్పంటే ఆమెది” అన్నారు. మూడో ఏటికి గట్టు మీది చెట్లన్నీ మోడులయ్యాయి. నెరియ ఒకటి పెరిగి పెరిగి గొడ్ల చావిడి పునాది కిందికి పోయింది. ఆమె దాన్ని రోజూ చూసింది. చీపురుతో దుమ్ము తోసి కప్పింది. ఒక తెల్లవారుజామున గోడ కూలి, కాడెద్దు కాలు విరిగింది.

చిన్నామె మొదటి ఆర్నెల్లకే ముసలాయన గుమ్మం తొక్కింది. “తాతా, నేనీ కట్ట మొయ్యలేకుండా ఉండాను” అంది.

ఆయన కోప్పడలేదు. “కూర్చో. ఏమేం అవుతాందో ఒక్కొక్కటే చెప్పు” అన్నాడు. ఏ చెట్టు ముందు వాడింది, ఎన్ని మట్టలు వాలాయి, నెరియ ఎంత వెడల్పు, అందులో చెయ్యి పడుతుందా వేలు పడుతుందా, సెగ పొద్దుగూకాక ఎక్కువా తెల్లారుజామున ఎక్కువా, అన్నీ అడిగాడు. ఆమె చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. “చెడ్డదాన్ని చంపే కట్ట మంచిదాన్ని ఏంటికి కాల్చాల తాతా?” అంది.

“ఏది తుంగో ఏది టెంకాయో నీళ్ళకు తెలీదు పాపా. అన్నిట్నీ ఒకటే తీరుగా సాకుతాయి. అదో, ఆ కొండ చూడు. గరుత్మంతుడు తీసుకపోతాంటే అమృతం చుక్కొకటి కింద కోనేట్లో పడిందంట. మునిగిన ముసిలోల్లంతా పడుచోల్లయినారంట. మేలే గదా? అయినా లోకం తలకిందులైతాదని దేవుళ్ళు ఆ కోనేటి మీద కొండనే మూత పెట్టినారు. అమృతానికే మూత కావలసొచ్చింది. మూత పెట్టినందుకు పోయేది కూడా ఉంటుంది. ఎంత పోతాందో చూసుకుని, తగ్గించుకోగలిగింది తగ్గించుకోవాల. అది నీ పనీ, నా పనీ కూడా.”

మర్నాడు ఆయన చేని దగ్గరికి వచ్చాడు. టెంకాయ మొదళ్ళలో అడుగున బెజ్జం పెట్టిన కుండలు పాతించి, వాటిలో మాత్రం నీళ్ళు పోయమన్నాడు. చెరువు మట్టి తోలించి నెరియలు పూడ్పించాడు. చావిడి పునాదికి రాళ్ళు దన్ను పెట్టించాడు. నిమ్మకు వేసిన మందు పని చెయ్యలేదు. ఇంకోటి వేశాడు, అదీ చెయ్యలేదు. “దీన్ని కాపాడలేకపోతాండాను పాపా” అని ఉన్నమాట చెప్పాడు. సెగ పూర్తిగా పోలేదు, సగానికి తగ్గింది. ఆ సగంతో బతకగలనని చిన్నామెకు అనిపించింది.

నాలుగో ఏడు పెద్దామె చేలో తుంగ మళ్ళీ తల ఎత్తింది. ఊరు నోళ్ళు నొక్కుకుంది. ఎవరో కట్ట కింది దారి కనిపెట్టి చెప్పేశారు. ఆమె ముసలాయన కాళ్ళ దగ్గర కూలబడి, “నా చేతులారా చేసుకున్నాను తాతా” అంది.

“లే పాపా. నువ్వు మడవ తీసినందుకే వచ్చిందని నేను అనలేను. కట్టి పెట్టినా వచ్చేదేమో. కట్టిన చేలల్లో కూడా కొన్నిట్లో వస్తాది. తీసిన చేలల్లో రానివీ ఉండాయి. నాకు ఒకటే బాధ. నీది తుంగ ఎక్కువ పాకిన చేను. మిగిలిన ఇద్దరి కంటే నీకే ఆ కట్టతో ఎక్కువ పని. తీసేముందు నాతో ఒక మాట అనుంటే, నీ చెట్లకూ కుండలు పాతించేవాణ్ణి. సరే, పార తీసుకో. మళ్ళీ మొదలుపెడదాం.” అప్పటికప్పుడే ఆమె వెంట నడిచాడు.

ఆ దారిలోనే నడిపామె ఇల్లు. కూలిన గోడ ముందు ఆమె కూర్చుని ఉంది. చేలో తుంగ లేదు, చెట్లూ లేవు. “చెప్పిన మాట విన్నాను కదా తాతా” అంది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: “విన్నావు. వినడంలో నీ తప్పు లేదు. గోడ బీట ఇచ్చిన రోజు వచ్చి చెప్పిండాల్సింది. ఎట్లుందని నేనూ ఇంకోసారి అడిగిండాల్సింది.” ఎద్దు కాలికి కట్టు కట్టించి, మిగిలిన గోడకు దన్ను పెట్టించాడు.

ఐదో ఏడు నిండినప్పుడు చిన్నామె వచ్చి అడిగింది. “ఇంకా ఎన్నాళ్ళు తాతా?”

“నీ చేలో తుంగ మంచమంత చోటే కదా. అట్లాంటి చేలు నూరు ఉంటే, ఇప్పుడు మడవ తీసినా మళ్ళీ వచ్చేవి కొన్నే. ఇంకో ఐదేండ్లు కట్టి పెడితే ఆ కొన్నిట్లో ఒకటో రెండో తగ్గుతాయేమో. అదే గట్టు దాటి పాకిన చేనైతే పదేండ్లు కట్టమంటాను. లెక్క నాది. చేను నీది. ఐదేండ్లు ఆ సెగలో పడుకున్నదానివి నువ్వు. చూసుకుని నువ్వే చెప్పు.”

చిన్నామె రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు పట్టపగలు, ముసలాయన పక్కన నిలబడి ఉండగా, మడవ తీసింది.

నీతి

మందు చేసే మేలునూ, అది పెట్టే బాధనూ రెంటినీ బయటపెట్టి తూచుకోవాలి. చాటుగా మానేసినా, నోరు మూసుకుని భరించినా ఆ తూకం జరగదు.

ఈ కథలో తుంగ రొమ్ము క్యాన్సర్. తవ్వడం ఆపరేషను, కాల్చి ఎండబెట్టడం కీమో, రేడియేషన్. చెరువు నీళ్ళు ఆడవాళ్ళ ఒంట్లో ఉండే ఈస్ట్రోజెన్ అనే హార్మోను. మడవ కట్టడం ఆ హార్మోనును అడ్డుకునే మాత్ర. రొమ్ము క్యాన్సర్లలో సగానికి పైగా ఈ హార్మోను తిండిగా పెరిగేవే. అండాశయాలు తీసేస్తే కొందరిలో ఆ గడ్డలు కుంచించుకుపోతున్నాయని గ్లాస్గో డాక్టరు జార్జి బీట్సన్ 1896లోనే లాన్సెట్ పత్రికలో రాశాడు. 1962లో ఇంగ్లండులోని ఐసీఐ కంపెనీలో డోరా రిచర్డ్‌సన్ అనే శాస్త్రవేత్త టామోక్సిఫెన్‌ను తయారు చేసింది. గర్భం రాకుండా చూసే మందు కోసం సాగిన వెతుకులాటలో పుట్టిన ఆ మందుకు 1973లో బ్రిటన్‌లో రొమ్ము క్యాన్సర్ చికిత్సకు అనుమతి దొరికింది. ఈస్ట్రోజెన్ వచ్చి క్యాన్సర్ కణానికి అతుక్కునే చోట, అంటే గ్రాహకంలో, ఇది ముందే పోయి కూర్చుంటుంది. ముట్లుడిగినవాళ్ళకు ఇచ్చే లెట్రోజోల్, అనాస్ట్రోజోల్, ఎక్సెమెస్టేన్ మాత్రలు ఇంకో దారిలో పనిచేస్తాయి. ఆ వయసులో కొవ్వులోనూ ఇతర చోట్లా ఈస్ట్రోజెన్‌ను తయారుచేసే అరోమటేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటాయి.

మడవ కట్టడం వల్ల మేలు ఎంత? 20 వైద్య పరీక్షల్లో పాల్గొన్న 21 వేల మందికి పైగా స్త్రీల వివరాలను కలిపి చూసి 2011లో లాన్సెట్‌లో ఫలితం వేశారు. హార్మోను గ్రాహకాలున్న క్యాన్సరు వచ్చినవాళ్ళు ఐదేళ్ళు టామోక్సిఫెన్ వాడితే అది తిరగబెట్టే ముప్పు దాదాపు 40 శాతం తగ్గింది. పదిహేనేళ్ళ లెక్కలో ఆ జబ్బుతో పోయేవాళ్ళ సంఖ్య మూడో వంతు తగ్గింది. ఐదేళ్ళ మందు ఆపేశాక కూడా ఆ మేలు ఏళ్ళ తరబడి నిలిచింది. ఇది చిన్న మేలు కాదు.

అయితే ఆ 40 శాతం అందరికీ ఒకే తీరుగా అక్కరకు రాదు. మాత్ర లేకపోతే నూటికి 30 మందికి తిరగబెట్టే స్థితి అనుకోండి. మాత్రతో అది 18 అవుతుంది. పన్నెండు మంది గట్టెక్కారు. అదే నూటికి 5 మందికి తిరగబెట్టే తొలిదశ అయితే, మాత్రతో 3 అవుతుంది. గట్టెక్కింది ఇద్దరు. శాతం ఒకటే, లాభం మాత్రం ఒకటి కాదు. పెద్దామె చేనికీ చిన్నామె చేనికీ ఉన్న తేడా ఇదే. గడ్డ ఎంత పెద్దది, చంకలో బిళ్ళలకు (లింఫు గ్రంథులకు) పాకిందా, ఎన్నిటికి పాకింది అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది. ఐదేళ్ళు మందు వాడి ఆపేసినవాళ్ళను చూసిన 2017 నాటి అధ్యయనంలో, ఐదో ఏడు నుంచి ఇరవయ్యో ఏడు దాకా జబ్బు ఒంట్లో వేరే చోట తేలే ముప్పు, చిన్న గడ్డ ఉండి బిళ్ళలకు పాకనివాళ్ళలో 13 శాతం. గడ్డ కాస్త పెద్దదై నాలుగు నుంచి తొమ్మిది బిళ్ళలకు పాకినవాళ్ళలో 41 శాతం. టామోక్సిఫెన్‌ను ఐదేళ్ళతో ఆపకుండా పదేళ్ళు వాడినవాళ్ళ లెక్క 2012లో వచ్చింది. ఐదో ఏడు నుంచి పద్నాలుగో ఏడు దాకా రొమ్ము క్యాన్సర్ మరణాలు 15 శాతం నుంచి 12.2 శాతానికి తగ్గాయి. గర్భసంచి క్యాన్సర్ వచ్చినవాళ్ళు మాత్రం 1.6 శాతం నుంచి 3.1 శాతానికి పెరిగారు. పదేళ్ళు వాడాలా అన్నది ఇట్లాంటి లెక్కలు చూసుకుని తేల్చుకోవాల్సిన విషయం.

ఇక సెగల సంగతి. టామోక్సిఫెన్‌తో ఒంట్లో ఆవిర్లు లేస్తాయి. కాళ్ళ సిరల్లో నెత్తురు గడ్డకట్టే ముప్పు కొంచెం పెరుగుతుంది. లెట్రోజోల్ రకం మాత్రలతో కీళ్ళు పట్టేస్తాయి, ఎముకలు పలచబడతాయి. ఈ రెండు రకాలనూ పోల్చిన 2015 నాటి లెక్కలో, ఐదేళ్ళలో ఎముకలు విరిగినవాళ్ళు లెట్రోజోల్ రకం కొత్త మాత్రలతో 8.2 శాతం, టామోక్సిఫెన్‌తో 5.5 శాతం. పదేళ్ళలో గర్భసంచి క్యాన్సర్ వచ్చినవాళ్ళు మాత్రం కొత్త మాత్రలతో 0.4 శాతం, టామోక్సిఫెన్‌తో 1.2 శాతం. తిరగబెట్టకుండా చూడడంలో ముట్లుడిగినవాళ్ళకు కొత్త మాత్రలదే కొంత పైచేయి. యోని పొడిబారడం, నిద్ర పట్టకపోవడం, మనసు కుంగిపోవడం రెండింటితోనూ ఉండొచ్చు.

కడప ఎండల్లో, పసుపు చేలో గొంతుక్కూర్చుని కలుపు తీసే మనిషికి ఇవి చిన్న బాధలు కావు. పొద్దున లేస్తూనే వేళ్ళు ముడుచుకోవు. సంగటి కెలికే కట్టె పట్టు దొరకదు. బర్రె పొదుగు కింద కూర్చుంటే మోకాళ్ళు లేవనియ్యవు. మగని పక్కన పడుకోవడమే నొప్పి అయితే, ఆ మాట తల్లికి కూడా చెప్పుకోలేదు. వీటిని “ప్రాణం కంటే ఎక్కువా?” అని ఒక్క మాటతో కొట్టిపారేస్తే ఆమె ఇంక చెప్పడం మానేస్తుంది. చెప్పడం మానేసిన మనిషి ఒకనాడు మాత్ర కూడా మానేస్తుంది. అమెరికాలో 8,769 మంది మందుల షాపు రికార్డులు చూసి 2010లో వేసిన అధ్యయనంలో, అనుకున్నన్నాళ్ళూ అనుకున్నట్టు మాత్ర వాడినవాళ్ళు సగానికి తక్కువే, 49 శాతం. పెద్దామె ఒంటరిది కాదు. ఆమెకు జబ్బు తిరగబెడితే “నువ్వే మానేశావు కదా” అని దెప్పే హక్కు ఎవరికీ లేదు. మానకుండా వాడినవాళ్ళలోనూ కొందరికి తిరగబెడుతుంది.

కుండలు పాతించే దారులు వైద్యంలోనూ ఉన్నాయి. లెట్రోజోల్ పడకపోతే ఎక్సెమెస్టేన్‌కు మారొచ్చు. అదీ పడకపోతే టామోక్సిఫెన్‌కు రావొచ్చు. డాక్టరు చెప్పి కొన్ని వారాలు మాత్ర ఆపించి, నొప్పి తగ్గుతుందో లేదో చూడొచ్చు. వారానికి 150 నిమిషాల నడకా, రెండుసార్లు బరువులెత్తే వ్యాయామమూ చేస్తే ఈ మాత్రల వల్ల వచ్చే కీళ్ళ నొప్పి తగ్గిందని అమెరికాలో ఏడాది పాటు జరిగిన పరీక్షలో తేలింది. ఎముకలకు డెక్సా స్కాను, కాల్షియం, విటమిన్ డి, అవసరమైతే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షను ఉన్నాయి. ఆవిర్లకు హార్మోను లేని మందులున్నాయి. కానీ టామోక్సిఫెన్ వాడేవాళ్ళు పారోక్సెటిన్, ఫ్లూవోక్సెటిన్ అనే మందులు వేసుకుంటే దాని పని దెబ్బతినొచ్చు. అందుకే వాటిని సొంతంగా కొని వాడకూడదు. ముట్లుడిగాక నెత్తురు కనపడినా, ఒక కాలు ఉన్నట్టుండి వాచినా, ఊపిరి అందకపోయినా వాయిదా తేదీ దాకా ఆగకుండా వెంటనే ఆస్పత్రికి పోవాలి. కొన్ని బాధలకు ఏ మందూ పూర్తిగా పనిచెయ్యదు. ఆ మాట కూడా డాక్టరు దాచకుండా చెప్పాలి.

భరించే ఆడదాన్ని మెచ్చుకోవడం మన ఊళ్ళకు అలవాటు. నడిపామె చావిడి గోడ ఆ మెచ్చుకోలు కిందనే కూలింది. ఇంట్లో ఈ మాత్ర వేసుకునే తల్లో, చెల్లెలో, భార్యో ఉంటే “వేసుకున్నావా?” అని అడిగినప్పుడల్లా “ఎట్లుంది?” అని కూడా అడగాలి. ఆమె చెప్పేదాకా పక్కన కూర్చోవాలి.

వల్లూరు నుంచి కడప రిమ్స్‌కు పోయినా, తిరుపతి స్విమ్స్‌కు పోయినా, హైదరాబాదు బసవతారకానికి పోయినా డాక్టరు ముందు దొరికేది కాసేపే. ఆ కాసేపట్లో అన్నీ గుర్తురావు. అందుకని పోయేముందే ఒక కాగితం మీద రాసుకోండి. ఏ బాధ, ఎప్పటినుంచి, దానివల్ల ఏ పని ఆగిపోయింది. కిందనే మీ ప్రశ్నలు రాయండి. నాలాంటివాళ్ళు నూరు మంది ఉంటే మాత్ర లేకుండా ఎందరికి తిరగబెడుతుంది, మాత్రతో ఎందరికి? ఈ బాధ తగ్గే దారి ఏది? ఇంకో మాత్ర ఉందా? నేను ఎన్నేళ్ళు వాడాలి, ఎందుకు?

మాత్ర మానేయాలని అనిపించడం తప్పు కాదు. ఐదేళ్ళ దారిలో చాలామందికి ఒక్కసారైనా అట్లా అనిపిస్తుంది. అనిపించిన రోజే డాక్టరు దగ్గరికి పోండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి, మీ లెక్క మీరు అడిగి తెలుసుకోండి. కొనసాగించినా, మార్చుకున్నా, ఆపినా ఆ తర్వాతే నిర్ణయించుకోండి. అట్లా తీసుకున్న నిర్ణయం ఏదైనా దాన్ని గౌరవించడం ఇంటివాళ్ళ బాధ్యత.